గాజుపోగు కాపురం

మా యింట్లో ముందుగది గోడకు ఒక తెల్లపెట్టె బిగించి వుంది. దానికి వరసగా చిన్న చిన్న దీపాలు. అవి ఆకుపచ్చగా వెలుగుతున్నంతకాలం ఇంట్లో ఎవ్వరూ దాని మొహం చూడరు. కాని ఒకనాటి రాత్రి 8 గంటలకు అందులో ఒక దీపం ఎర్రబడింది. ఇంటిల్లిపాదీ దానిచుట్టూ మూగారు. దేవుడిగదిలో దీపం కొండెక్కినా అంత కంగారు పడి వుండరు.

కంగారుకు కారణం లేకపోలేదు. మా చిన్నమ్మాయికి ఇంజనీరింగు ప్రవేశాల కౌన్సెలింగు. ఏ కాలేజీ కావాలో, ఏ కోర్సు కావాలో వరసగా కంప్యూటరులో ఎక్కించాలి. దానికి ఆ రాత్రి 12 గంటలు ఆఖరు గడువు. అంతదాకా ఎందుకు ఆగారంటారా? నేను తెనాలిలో తెలుగు లెక్చరర్ని. "ఆఖరి నిమిషందాకా ఆగకండి" అని ఏడాది పొడుగునా ఊళ్ళోవాళ్ళ పిల్లలకు చెప్పటంతోనే నాకు సరిపోతుంది. మా పిల్లలకు చెప్పటానికి తీరిక వుండదు.

"నాన్నా! లాస్ అని ఎర్రలైటు వెలుగుతోంది" అన్నది అమ్మాయి.

"లాస్ అంటే నష్టం గదటే" అన్నాను.

"అది నాకూ తెలుసు. బయటినుంచి రావలసిన వెలుగు రావటం లేదన్నమాట."

వెలుగేమిటి, రావటమేమిటి అనుకున్నాను. మా యింటికి వచ్చేది నల్లని తీగె. తీగెలో కరెంటు వస్తుందనుకున్నానేగాని, వెలుగు వస్తుందని అప్పటిదాకా నాకు తోచలేదు. సెల్ ఫోనుతో పని కానిచ్చుకోవచ్చుగదా అంటారేమో. ఆ ప్రయత్నమూ అయింది. అదీ మొరాయించింది. సెల్ ఫోను మాటలు గాలిలో ఎగిరేది మన చేతినుంచి దగ్గిరి టవరుదాకానేననీ, చాలా టవర్లకు అక్కడినుంచి అవతలి ప్రయాణమంతా ఆ నల్లతీగెలోనేననీ ఆ రాత్రే తెలిసింది. మా పేటలో టవరు తీగె, మా వీధి తీగె ఒకే గోతిలో వున్నాయట.

ఫోను మీద ఫోను కొట్టగా 9 గంటలకు ఇద్దరు కుర్రవాళ్ళు మోటారు సైకిలు మీద వచ్చారు. పెద్దవాడికి ముప్ఫయ్ ఏళ్ళు దాటవు. స్తంభం దగ్గర ఒక పెట్టె విప్పి, అందులోంచి దారంలాంటిది తీసి, చిన్న యంత్రానికి తగిలించాడు. రెప్పపాటులో దాని తెర మీద గీతలు లేచాయి. "నాలుగు వందల ఎనభై మీటర్లు, మాస్టారూ" అన్నాడు. అంటే, మా వీధి మలుపు దాటి, ఆ సాయంత్రం మురుగుకాలవకోసం పొక్లెయినుతో తవ్విన చోటన్నమాట.

వెళ్ళి చూస్తే అంతే. నల్లని గొట్టం నమిలి వదిలిన చెరుకుముక్కలా వుంది. కుర్రవాడు రోడ్డు పక్క పట్టా పరిచి కూర్చున్నాడు. నేను టార్చి పట్టుకున్నాను.

"తవ్వినవాళ్ళు ఒక్క ఫోను చేసి వుంటే, చీకటి పడకముందే అయిపోయే పని మాస్టారూ! మట్టి కప్పేసి వెళ్ళిపోతే మాకు జాగారం. మూడేళ్ళ కిందట మీ వీధిలోనే ఒకటి రెండు రోజులు ఏడిపించింది" అన్నాడు.

టార్చి పట్టుకున్న నా చెయ్యి పక్కకు జరిగింది.

"వెలుగు ఇటు, మాస్టారూ, వెలుగు ఇటు" అన్నాడతను.

చెయ్యి ఎందుకు జరిగిందో చివర మనవి చేస్తాను. ఆ రాత్రి 11 గంటలకు దీపం మళ్ళీ ఆకుపచ్చన అయింది. అమ్మాయి గడువుకు పావుగంట ముందు పని ముగించింది. కాని నాకు నిద్రపట్టలేదు. ఆ తరవాత కొన్ని ఆదివారాలు ఆ కుర్రవాడి వెంట తిరిగాను. బాపట్లలో మా అక్కయ్య ఇంటికి, రేపల్లె దగ్గిర మా అమ్మ వుండే పల్లెకు వెళ్ళినప్పుడల్లా, తల వంచి నేలనూ తల ఎత్తి స్తంభాలనూ చూడటం అలవాటయింది. అలా చూసినదీ, విన్నదీ, చదివినదీ ఇది.

గాజులో వెలుగు నడక

చెరువులో మునిగి, కళ్ళు తెరిచి, ఏటవాలుగా పైకి చూసినవారికి ఒక వింత తెలిసే వుంటుంది. నీటి పైతలం అద్దంలా మెరుస్తుంది. గట్టుమీది చెట్లకు బదులు చెరువు అడుగే అందులో కనబడుతుంది. నీటిలోంచి బాగా ఏటవాలుగా వచ్చిన వెలుగు గాలిలోకి దాటలేక వెనక్కు తిరగటమే దానికి కారణం. ఈ కిటుకుతోనే 1841లో జెనీవాలో కొలడాన్ అనే శాస్త్రజ్ఞుడు, 1854లో లండనులో టిండాల్, వంపు తిరిగి పడుతున్న నీటిధారలో వెలుగును బంధించి సభ్యులకు చూపించారు. ధార ఎటు వంగితే వెలుగూ అటే వంగింది.

నీటిధారకు బదులు గాజుపోగు పెట్టండి. అదే మన తీగె. గాజుపోగుల కట్టలోనుంచి బొమ్మను ఈ కొననుంచి ఆ కొనకు పంపవచ్చునని 1954లో హాప్కిన్స్ తో కలిసి నిరూపించిన నరీందర్ సింగ్ కపానీ మన పంజాబువాడు, మోగాలో పుట్టినవాడు. ఆయన 2020లో కాలంచేశాడు. మరుసటి ఏడు మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది.

అయితే బొమ్మ నాలుగడుగులు పోవటం వేరు, మాట నాలుగు ఊళ్ళు పోవటం వేరు. ఆ రోజుల్లో దొరికే గాజుపోగులో 20 మీటర్లు పోయేసరికి నూటికి ఒక వంతు వెలుగు మాత్రమే మిగిలేది. 1966లో, మన అమ్మమ్మలు వారపత్రికల్లో సీరియలు తరువాయి భాగంకోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ఇంగ్లండులో పనిచేస్తున్న చార్లెస్ కావ్ అనే, చైనాలో పుట్టిన శాస్త్రజ్ఞుడు, తన సహచరుడు హాక్ హామ్ తో కలిసి ఒక వ్యాసం ప్రకటించాడు. "తప్పు గాజుది కాదు, గాజులో కలిసిన మలినాలది, వాటిని తీసివేస్తే వెలుగు కిలోమీటర్లకొద్దీ నడుస్తుంది" అని దాని సారాంశం. నమ్మినవారు తక్కువ. నాలుగేళ్ళు తిరగకుండా, 1970లో, అమెరికాలో కార్నింగ్ కంపెనీవారు అటువంటి గాజు తీసి చూపించారు. కావ్ కు 2009లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఇప్పటి పోగులో 15 కిలోమీటర్లు నడిచినా సగం వెలుగు మిగిలే వుంటుంది. తెనాలినుంచి రేపల్లెకు రైలు దారి సుమారు 35 కిలోమీటర్లు. తెనాలిలో పోగులోకి వదిలిన వెలుగులో అయిదోవంతు, మధ్యలో ఎవరూ సాయం పట్టకుండానే, రేపల్లె చేరగలదన్నమాట. ఇంత గాజులో పోగు మొత్తం మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు నడిచే నడిమి దారి మిల్లీమీటరులో నూరోవంతుకూడా వుండదు. మా అమ్మాయి తలవెంట్రుక దీనిముందు పలుపుతాడు.

వెలుగు ఆరుతూ వెలుగుతూ వుంటుంది, క్షణానికి వందల కోట్ల సార్లు. ఆ ఆరటం వెలగటాలే మన మాటలు, పాటలు, పరీక్ష ఫలితాలు, బ్యాంకు లెక్కలు. పైగా ఈ వెలుగు కంటికి కనబడేది కాదు. "తెగిన కొనలోకి కన్నుపెట్టి చూడకండి, మాస్టారూ! కనబడదు గనక ఏమీ లేదనుకుంటారు, కన్ను దెబ్బతింటుంది" అని కుర్రవాడు నన్ను హెచ్చరించాడు.

నేలలో దారి

మాది నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానాకాలం ఉబ్బుతుంది. కృష్ణ పడమటి డెల్టా గనక, గజం లోతు తవ్వితే చాలా చోట్ల నీళ్ళు వూరతాయి. ఇటువంటి నేలలో ఈ వెంట్రుకను ఎలా పాతిపెడతారు?

నేరుగా పాతిపెట్టరు. ముందు గొయ్యి తీస్తారు. ప్రభుత్వ టెలిఫోను శాఖవారు మొదటినుంచీ పాటిస్తూ వచ్చిన లెక్క 165 సెంటీమీటర్ల లోతు, అంటే ఇంచుమించు ఒక మనిషి ఎత్తు. అందులో 40 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం పరుస్తారు. గొట్టం లోపలితలం నున్నగా జారేటట్లు ప్రత్యేకంగా చేసి వుంటుంది. పూడ్చేటప్పుడు గొట్టానికి కొంత పైన, "కింద కేబులు వున్నది" అనే హెచ్చరిక అక్షరాలతో రంగు పట్టీ ఒకటి పరుస్తారు. నేలమీద అక్కడక్కడా గుర్తురాళ్ళు పాతుతారు.

తీగె గొట్టంలోకి పోవటం ఇంకా చోద్యం. పెద్ద గాలియంత్రం పెట్టి, గొట్టంలోకి జోరుగా గాలి వదులుతారు. ఆ గాలి ఒరవడిమీద కేబులు తేలుతూ, ఏటిలో పడవలా, కిలోమీటరు పొడుగునా సాగిపోతుంది. లాగితే పోగుమీద బరువు పడి పగుళ్ళు వస్తాయి, తేలిస్తే రావు. రోడ్డు అడ్డం వస్తే తవ్వకుండా అడుగున బెజ్జం వేసే యంత్రం వుంది. కాలవ అడ్డం వస్తే వంతెన పక్కనే ఇనపగొట్టంలో దాటిస్తారు. మా ఊరికి కాలవలు ఎక్కువ గనక ఇటువంటి దాటింపులూ ఎక్కువే. వంతెనమీద నిలబడి కిందికి చూస్తే ఎన్ని గొట్టాలో! వాటిని మంచినీటి గొట్టాలనుకుని నేను ఇరవై ఏళ్ళు నడిచాను.

రైలు దారి వెంబడికూడా ఈ తీగె వుంది. రైల్వేవారు తమ సిగ్నళ్ళ అవసరానికీ, బయటివారి అవసరానికీ పట్టాల పక్కనే గాజుతీగె వెయ్యటానికి 2000లో రైల్ టెల్ అనే సంస్థను పెట్టారు. మద్రాసు బెజవాడల నడుమ ప్రధానమార్గం మీద తెనాలి, బాపట్ల రెండూ వున్నాయి. పంచాయతీలకు తీగె చేర్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో మంజూరు చేసి, తరవాత భారత్ నెట్ అని పేరు మార్చింది.

ఇక అతుకు. రోడ్డు పక్క పట్టామీద ఆ రాత్రి నేను చూసినది అదే. కేబులు పైతోలు వలిస్తే లోపల రంగురంగుల సన్నగొట్టాలు, వాటిలో రంగురంగుల పోగులు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, నీలిపచ్చ: పన్నెండు. ఆ కుర్రవాడు ఏకసంథాగ్రాహిలా గడగడ ఒప్పజెప్పాడు. ఈ వరస తప్పితే మీ యింటి వెలుగు పక్కింటికి పోతుంది. ఒక్కొక్క పోగునూ స్పిరిటుతో తుడిచి, వజ్రపుమొనలాంటి కత్తితో కొనను సమంగా తుంచి, రెండు కొనలనూ యంత్రంలో ఎదురెదురుగా పెడతారు. చిటుక్కుమని ఒక విద్యుత్తు మెరుపు. గాజు కరిగి గాజుతో కలిసిపోతుంది. తుంచిన ముక్కలను పారెయ్యకుండా చిన్న సీసాలో వేసుకున్నాడు. అవి చర్మంలో గుచ్చుకుంటే కనబడవు, బయటికి రావు.

"ఇంత తేలిక పని అయితే మరి రెండు రోజులు ఏడిపించటమేమిటి? మీ యంత్రం మీటర్లతో సహా చెబుతున్నది గదా" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకు తెలుసు.

"యంత్రం తీగె పొడుగు చెబుతుంది మాస్టారూ, దారి పొడుగు చెప్పదు" అన్నాడు.

విషయం ఏమిటంటే, ఆ యంత్రం పోగులోకి ఒక వెలుగు తునక వదిలి, దాని ప్రతిధ్వనికోసం కాచుకుంటుంది. గాజులో వెలుగు వేగం క్షణానికి సుమారు 2 లక్షల కిలోమీటర్లు. పది కిలోమీటర్ల దూరాన తెగితే, వెళ్ళిన వెలుగు క్షణంలో పదివేలవ వంతులో తిరిగివస్తుంది. దాన్నిబట్టి దూరం తేలుతుంది. కాని ముందుముందు అతకటానికి పనికివస్తుందని ప్రతి జాయింటు దగ్గరా పది పదిహేను మీటర్ల తీగె చుట్టచుట్టి వదులుతారు. ఎక్కడ ఎంత వదిలారో పుస్తకంలో వ్రాసిపెట్టాలి. వ్రాసినవాడు ఉద్యోగం మారాడు, పుస్తకం పోయింది. అప్పుడు యంత్రం చెప్పిన 480 మీటర్లు నేలమీద 400 కావచ్చు, 450 కావచ్చు. తవ్వి వెతకవలసిందే. పైన మట్టి సాపుగా కప్పేసి వుంటే ఎక్కడని తవ్వుతారు?

నింగిలో దారి

బాపట్ల వెళ్ళేసరికి నేల మారుతుంది. ఊరు దాటి సూర్యలంకవైపు పోతే అంతా ఇసక. గొయ్యి తీస్తే గోడలు నిలవవు, తవ్వినంత సేపు కూలుతూ వుంటాయి. అక్కడ మా అక్కయ్య వాళ్ళ వీధిలో తీగె కరెంటు స్తంభాలమీద పోతుంది.

కరెంటు స్తంభంమీద వేసిన తీగె ముట్టుకుంటే షాకు కొట్టదా అని అక్కయ్యకు మొదటినుంచీ భయం. అక్కడి లైనుమను ఒకాయన ఆ భయం తీర్చాడు. గాజులో కరెంటు పారదు. ఆ కేబులులో బలానికి వేసిన నారకూడా కరెంటు పారనిదే. అందుకనే అది హైటెన్షను తీగెలకు కింద, తన పాటికి తాను వేలాడగలదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ వసతి చూసుకునే 2015లో ఫైబర్ నెట్ సంస్థను పెట్టింది. ఊరూరా గోతులు తవ్వాలంటే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది, ఖర్చూ మోయలేనిది. స్తంభాలు ఎలాగూ వున్నాయి. వాటిమీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల తీగె లాగి, కరెంటు సబ్ స్టేషన్లలో యంత్రాలు పెట్టారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్ నాథ్ కోవింద్ ఆ పథకాన్ని జాతికి అంకితం చేశారు. అప్పుడు నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టి.వి., ఫోను మూడూ ఇస్తామన్నారు. దేశంలో మరి కొన్ని చోట్ల పెద్ద పెద్ద ఇనప టవర్లమీద, పిడుగుకు కాపుగా వేసే పైతీగె కడుపులోనే గాజుపోగులు పెట్టి పంపుతున్నారు.

నింగిలో వేసిన తీగెకు గునపం భయం లేదు. తెగితే కంటికి కనబడుతుంది, తవ్వే పని లేదు. కాని దాని శత్రువులు దానికీ వున్నారు. వరికోతలయ్యాక గడ్డిమోపులు ఆకాశమంత ఎత్తు వేసుకుని వచ్చే ట్రాక్టర్లున్నాయే, వేలాడిన తీగెను మెడలో దండలా తగిలించుకుని పోతాయి. చెట్టుకొమ్మ రోజూ రాసుకుని రాసుకుని పైతోలు కోస్తుంది. ఎండకు పైతోలు పెళుసెక్కుతుంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య వేలాడు ఎక్కువైతే ట్రాక్టరు భయం, మరీ బిగిస్తే పోగు సాగి వెలుగు తగ్గుతుంది. "వీణ తీగె బిగించినట్లే సార్" అన్నాడు లైనుమను.

అన్నిటికీ మించిన శత్రువు గాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకు 90, 100 కిలోమీటర్ల గాలి, విసురులో 110. మా అక్కయ్య వీధి చివర వేపచెట్టు స్తంభంమీద పడింది. స్తంభంతో కరెంటు తీగె, దానితో గాజుతీగె, టి.వి. తీగె అన్నీ రోడ్డుమీద పడుకున్నాయి. రెండు రోజులు అక్కయ్యతో మాట లేదు. మూడోరోజు బావగారు ఎక్కడో మేడమీదికెక్కి ఫోను చేశారు. "ఇల్లు బాగానే వుంది, మీ అక్కయ్య గొంతే పోయింది, ఎదురింటావిడతో గోడమీదనుంచి మాట్లాడీ మాట్లాడీ" అన్నారు.

లైనుమను అప్పటి కష్టం చెప్పాడు. స్తంభం వారిది కాదు. ముందు కరెంటువారు వచ్చి స్తంభం నిలబెట్టాలి, తీగెలు కట్టాలి, ఆ తరవాత గాజుతీగెవారి వంతు. ఒకరి అరుగుమీద కాపురం పెట్టినవాడికి ఇంటివాడి తలుపు తెరుచుకునేదాకా ఆగటం తప్పదు గదా. పైగా తీగె బాగున్నా కరెంటు లేకపోతే మన ఇంటి పెట్టె పనిచెయ్యదు.

2014 అక్టోబరు 12న హుద్ హుద్ తుఫాను విశాఖపట్నాన్ని ఊపేసిన తరవాత అక్కడ కరెంటు తీగెలనే భూమిలోకి దించే పని పెట్టుకున్నారు. అయితే అన్నీ భూమిలోనే వెయ్యరాదా అంటే, మళ్ళీ ఖర్చు, కాలం, పొక్లెయిను. నేలలో వున్నదానికి ఇనుము భయం, నింగిలో వున్నదానికి గాలి భయం. అందుకని తెలిసినవారు చేసే పని, ఊళ్ళను గొలుసులా కాక కంకణంలా కలపటం. కంకణంలో ఒకచోట తెగినా వెలుగు రెండోవైపునుంచి చుట్టు తిరిగి వస్తుంది. కంకణంలో లేకుండా తోకలా వేలాడే ఊరికి మాత్రం దారి ఒకటే. అది తెగితే తెగినట్లే.

చివరి ఊరు

మా అమ్మ వుండేది రేపల్లె అవతల, కృష్ణ గట్టుకు దగ్గిరలో ఒక పల్లె. తెనాలినుంచి వెళ్ళే రైలు దారి రేపల్లెతో ఆఖరు. అక్కడినుంచి ఆటో. అవతలి గట్టున దివిసీమ.

డెబ్భై దాటిన మా అమ్మకు ఇంటర్నెట్టు ఎందుకని మా బంధువుల్లో కొందరికి వేళాకోళం. ఆవిడ సినిమాలు చూడదు, సీరియళ్ళు చూడదు. సాయంత్రం ఆరింటికి అమెరికాలో వున్న మనవరాలి మొహం ఒక పది నిమిషాలు చూస్తుంది, అంతే. ఆ మొహం మద్రాసులోనో బొంబాయిలోనో ఒడ్డెక్కిన సముద్రపు తీగెలోనుంచి వచ్చి, రోడ్ల పక్కన, పట్టాల పక్కన, స్తంభాలమీద ప్రయాణంచేసి, చివరికి మా పెరటి కొబ్బరిచెట్టు పక్కనుంచి ఇంట్లోకి దిగుతుంది. కొబ్బరిమట్ట పడి తీగె తెగిన రోజున మాత్రం ఆవిడ లైనుమనుకు ఊపిరి తీసుకోనివ్వదు.

"ఒక్క రోజుకు ఏం మునిగిపోతుందమ్మా" అన్నాను ఒకసారి.

"మునిగిపోయిన సంగతి నీకేం తెలుసురా, నువ్వప్పటికి పుట్టలేదు" అన్నది.

1977 నవంబరు 19. ఆ రాత్రి ఉప్పెన దివిసీమను ముంచింది. పదివేలమందికి పైగా పోయారు. మా మేనమామ కాపురం అవతలి గట్టున. అప్పటికి మా అమ్మ ఇరవయ్యేళ్ళు దాటిన పిల్ల. టెలిగ్రాఫు తీగె లేదు, ఫోను లేదు, బస్సు లేదు, రోడ్డు లేదు. అవతల ఏమైందో ఇవతలకు తెలియదు. అయిదు రోజులు మా అమ్మ ఏటిగట్టున నిలబడేదట. పడవలో వచ్చిన ప్రతి మనిషినీ ఊరి పేరు చెప్పి అడిగేదట. ఆరోరోజున మా మేనమామే, ఒంటిమీద ఎవరిదో చొక్కాతో, నడిచి వచ్చాడు. ఆయన బతికాడు. ఆయన ఇంట్లో ఇద్దరు లేరు.

"పోయినవాళ్ళు పోయారని తెలిస్తే ఏడవచ్చురా. తెలియకపోతే ఏడవటానికీ లేదు" అన్నది అమ్మ.

నేను ఇరవై ఏళ్ళుగా కావ్యాలు చెబుతున్నాను. మేఘాలతో, హంసలతో కబుర్లు పంపిన కవుల గురించి గంటలకొద్దీ చెప్పగలను. కబురు అందకపోవటం ఎలా వుంటుందో మా అమ్మ ఒక్కమాటలో చెప్పింది. పోయిన తుఫానుకు బ్యాటరీ పెట్టె ఒకటి కొనిపెట్టాను. కరెంటు పోయినా ఆ పెట్టె కొన్ని గంటలు దీపం నిలుపుతుంది. ఆవిడ దాన్ని రోజూ గుడ్డతో తుడుస్తుంది.

మట్టి కప్పిన మాట

ఇప్పుడు నా టార్చి పక్కకు ఎందుకు జరిగిందో మనవి చేస్తాను.

మూడేళ్ళ కిందట మా యింటిముందు కుళాయి గొట్టం మార్పించాను. రోడ్డు తవ్వటానికి మునిసిపాలిటీ అనుమతి తీసుకోలేదు. మూరెడు పనికి అనుమతి ఏమిటిలే అనుకున్నాను. కూలీ గునపం వేస్తూ ఆగి, "బాబుగారూ, ఏదో గొట్టం పగిలింది, లోపల తీగెలున్నాయి" అన్నాడు. నేను అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. జరిమానా వేస్తారేమోనని భయం. "కప్పెయ్" అన్నాను. ఒక్కటే మాట. అతను కప్పేశాడు. పైన నీళ్ళు చల్లి సాపు చేశాడు కూడా.

రెండు రోజులు వీధి మొత్తానికి వెలుగు లేదు. మా ఎదురింట్లో ఒక పెద్దాయన వున్నారు, రిటైరయిన హెడ్మాస్టరు. భార్య పోయింది. కొడుకు దుబాయిలో. రోజూ రాత్రి ఎనిమిదింటికి కొడుకుతో మాట్లాడి అన్నం తింటారు. ఆ రెండు రాత్రులూ ఆయన అరుగుమీద ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చుని, "ఈ కంపెనీలవాళ్ళకు బాధ్యత లేదండీ" అని సానుభూతి చెప్పాను. ఆయన నాకు కాఫీ ఇప్పించారు. ఆ కాఫీ తాగానుకూడా.

1942 ఆగస్టు 12న మా తెనాలిలో జనం రైలు స్టేషను తగలబెట్టారు. కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలు విడిచారు. వారి స్తూపాలు రణరంగ చౌకులో వున్నాయి. ఆ రోజుల్లో దేశమంతటా టెలిగ్రాఫు తీగెలు తెంచినవారు పరాయి ప్రభుత్వం తీగెను తెంచారు, ప్రాణాలకు తెగించి తెంచారు. నేను తెంచినది మా వీధివారి తీగెను. దానికి వంద రూపాయల జరిమానాకు భయపడి నోరు మూసుకున్నాను.

తవ్వేముందు అడగటానికి ఇప్పుడు సాధనం వుంది. 2023 మార్చి 22న కేంద్ర ప్రభుత్వం "కాల్ బిఫోర్ యు డిగ్" అనే ఫోను యాప్ పెట్టింది. ఎక్కడ తవ్వబోతున్నామో అందులో తెలియజేస్తే, ఆ చోట తీగెలు, గొట్టాలు వున్నవారికి కబురు వెళుతుంది. యాప్ తెలియనివారు గుర్తురాయి చూడవచ్చు. రాయి లేకపోతే, గోతిలో రంగు పట్టీ కనబడగానే గునపం ఆపవచ్చు. అదీ దాటిపోయి తెగితే, ఒక్క ఫోను చెయ్యవచ్చు. కేబులు వెయ్యటం పెళ్ళిలాంటిది; మేళతాళాలు, మంత్రులు, ఫొటోలు వుంటాయి. నిలబెట్టుకోవటం కాపురం. అందులో ఫొటోలుండవు. రాత్రి 9 గంటలకు రోడ్డు పక్క పట్టా పరుచుకునే కుర్రవాడుంటాడు. అతని వంతు అతను చేస్తున్నాడు. తక్కినది, గునపం చేతిలో వున్న మనది.

కిందటి నెల ఆ కుర్రవాడు మా వీధిలోకి వస్తే పిలిచి కూర్చోబెట్టి, మూడేళ్ళ కిందటి సంగతి చెప్పేశాను. అతను నవ్వాడు.

"మాకు అప్పుడే తెలుసు మాస్టారూ! చివరికి తీగె తెగిన చోటు దొరికింది మీ కొత్త కుళాయి గొట్టం పక్కనే గదా. మా అక్క మీ స్టూడెంటు. మాస్టారింటి ముందు అని వ్రాయవద్దని నేనే అన్నాను. ఎలకలు కొరికాయని వ్రాశాం."

ఎలకల పేరుతో నాకు మూడేళ్ళు పరువు నిలిచింది. ఇంక చెప్పుకోవలసింది ఎదురింటి పెద్దాయనకు ఒక్కరికే. ఎదురుగా చెప్పటానికి ఎన్నోసార్లు వెళ్ళాను, కాఫీ తాగి వచ్చాను. ఆయన ఈ పత్రికకు పాత పాఠకులు. సీరియలు మొదలుకొని అట్టవెనక ప్రకటనదాకా వదలరు. ఈ వారం సంచిక నేనే తీసుకువెళ్ళి, ఈ పేజీ మడిచి, ఆయన చేతికిస్తాను. చదివేదాకా అక్కడే అరుగుమీద కూర్చుంటాను.